ముప్పావులో మూడింట రెండు

చందాపుర,
8-1-1979

అక్క నాగమ్మకు తమ్ముడు వెంకటగిరియప్ప నమస్కారం పెట్టి రాసేది.

ఇక్కడ నేనూ నీ మరదలు సుశీలా బాగానే ఉన్నాం. మీరు బాగున్నట్టు మగ్గం ఓబళప్ప చెప్పాడు. మునిలక్ష్మికి సంబంధం కుదిరిందనీ, వైశాఖంలో పెళ్ళనీ కూడా ఆయనే చెప్పాడు. మేనమామను నేను. మేనకోడలి పెళ్ళి కబురు నాకు నేతపని మనిషి నోట తెలియాలా? రెండు బస్సులు మారితే వచ్చేంత దూరమే కదా. సరే, నీ ఇల్లు, నీ ఇష్టం.

మన ఇంట్లో మేనమామ చేత్తో రంగు వేసిన నేరేడు పండు చీర కట్టకుండా ఏ పిల్లా పీటల మీద కూర్చోలేదు. నా వంతు పని నేను తప్పను. కానీ ఆ రంగు నాయనతోనే పోయింది. ఆయన పోయి మూడేళ్ళవుతోంది, ఇంతవరకు నా కాగులో ఒక్కసారీ రాలేదు. నాయన చేసినట్టే చేస్తున్నాను. ఎర్రనీళ్ళు మరిగాక, చెంబు నీలంలో మూడింట రెండు వంతులు పోస్తున్నాను. పట్టు నల్లబడుతోంది.

నీలం చెంబుకు పట్టే పని నీది కాబట్టి, నాయన నీతో ఇంకేమైనా చెప్పి ఉంటే రాయి. నిన్ను అడగడం నాకు సరదా కాదు. పిల్ల కోసం అడుగుతున్నాను.

ఇట్లు,
వెంకటగిరియప్ప

*

బెంగళూరు, కబ్బన్‌పేట,
15-1-1979

చిరంజీవి గిరియప్పకు అక్క దీవించి రాసేది.

నీ కార్డు అందింది. నాకంటే ముందు వీధికి అందింది. కొళాయి దగ్గర నంజమ్మ బిందె కింద పెట్టి, "ఏమక్కా, మీ నేరేడు రంగులో మూడింట రెండొంతులు నీలమంటనే!" అని అడిగింది. నాయన బతికినన్నాళ్ళు పెదవి దాటనివ్వని మాటను నువ్వు కార్డు మీద రాసి ఊరంతా తిప్పావు. కవరు కొనడానికి చేతులు రాలేదా?

పెళ్ళి కబురు చెప్పలేదంటావు. నాయన దినాలు కాగానే గుమ్మం దిగిపోయినవాడికి ఏ మొహంతో చెప్పను? పోతూ పోతూ ఆ మూడు ఇత్తడి లోటాలు కూడా సంచిలో వేసుకుని పోయావు. చెంబు నా చేతిలో ఉంది కాబట్టి మిగిలింది, లేకపోతే అదీ పోయేదే.

ఇక రంగు సంగతి. నీ మూడింట రెండు ఎక్కడి మాటో నాకు తెలియదు. చెంబులో ముప్పావు నీలం. ఒక చుక్క ఎక్కువా లేదు, ఒక చుక్క తక్కువా లేదు. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఈ చేత్తోనే నింపాను. చెంబు లోపల ముప్పావు దగ్గర నాయన కొట్టించిన గీత ఇప్పటికీ ఉంది. నాయన గడప అవతల నిలబడి, "గీత దాటిందామ్మా?" అని అడిగేవాడు. దాటలేదు నాయనా అంటే, తడిగుడ్డ కప్పి తీసుకుపోయేవాడు.

తెలియనిది తెలియదని ఒప్పుకుంటే నీ తల తెగి పడదు.

ఇట్లు,
నీ అక్క నాగమ్మ

*

చందాపుర,
19-2-1979

నాగమ్మక్కకు,

ఈసారి కవరే కొన్నాను, ఎందుకంటే ఇందులో రాసేది వీధి చదివితే నీకే సిగ్గు.

నీ మాట నమ్మాను. చిక్కపేటలో నాయన చెంబు కొలతకే ఇంకో చెంబు కొని ఉంచుకున్నాను, దానితో ముప్పావు కొలిచి పోశాను. పెళ్ళి చీరకని తెచ్చిన మేలు పట్టు. బయటికి తీస్తే రొట్టె పెనం అడుగు. ఓబళప్ప వచ్చి చూసి, "ఏమప్పా, దీన్ని కడితే పెండ్లికూతురు కాదు, కాకి మాదిరి ఉంటాది ఆ పిల్ల" అన్నాడు.

నల్లబడుతోందని నేను మొత్తుకున్నాను. నువ్వేం చెప్పావు? ఇంకా ఎక్కువ నీలం పోయమన్నావు. ముప్పావు ఎంతో, మూడింట రెండెంతో నాకు తెలియదనుకున్నావా? చెంబును పన్నెండు భాగాలు చేసి చూడు. నాది ఎనిమిది, నీది తొమ్మిది. ఎనిమిదికే మాడుతున్నదానికి తొమ్మిది పోయమని చెప్పేవాళ్ళను ఏమంటారు? వాళ్ళను అక్క అంటారా?

నీ ఎత్తు నాకు తెలుసు. నా చీర నల్లగా రావాలి. పెళ్ళిలో నలుగురి ముందు దాన్ని విప్పి చూపించి, నాయన పని నాగమ్మకు వచ్చింది, కొడుక్కి రాలేదు అనిపించుకోవాలి. అందుకే ముప్పావు. నిజం చెప్పడానికి నీకు ఇంకా రెండు నెలల గడువుంది.

గిరియప్ప

*

కబ్బన్‌పేట,
2-3-1979

గిరియప్పా,

దీవెనలు ఈసారి రాయడం లేదు. నీకు అవి అంటవు.

అబద్ధం నా నోట రాదు. నేనూ దాచింది ఒకటుంది, అది కూడా విను. నా కాగులోనూ మూడేళ్ళుగా ఆ రంగు రాలేదు. గిరాకీలు అడిగితే, రంగు పొడి మునుపటిది కాదు అని చెప్పి పంపుతున్నాను. నా ముప్పావు తప్పు కాదని మాత్రం నాయన గీత మీద ప్రమాణం చేస్తాను. ఈ మాట నీకు రాయడం కంటే మరిగే కాగులో చెయ్యి పెట్టడం సులువు. అయినా రాశాను, ఎందుకంటే నువ్వు నన్ను మేనకోడలి చీర పాడుచేసిన దాన్ని చేశావు.

నీ మాట కూడా చేసి చూశాను. పోయిన మంగళవారం మూడింట రెండు పోశాను. అదీ నలుపే. నా నలుపు కంటే ఒక గోరంత తక్కువ నలుపు, అంతే. మీ బావ మిల్లు నుంచి వచ్చి చూసి, "ఇద్దరూ కలిసి ఆ ముసలాయన పేరు మీద మసి పూస్తా ఉండారు" అని భోజనానికి కూర్చున్నారు.

నువ్వు కాగు దగ్గర నిలబడినవాడివి. కట్టెలు ఎగదోసేవాడివి. నాయన నీతో కొలతలు ఎందుకు చెబుతాడు? మూడింట రెండు అనేది నీ కల. కలలో చూసింది కార్డు మీద రాశావు.

ఇక నీ చీర కోసం మేము కాచుకుని కూర్చోము. వరసకు మేనమామ అయ్యేవాడు చిన్నాయన కొడుకు నాగరాజు ఉన్నాడు. ఆయన చేత అంగడి చీర ఇప్పించి పిల్లను పీటల మీద కూర్చోబెడతాను. మునిలక్ష్మి ఈ మాట విని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. దాని ఏడుపు నీ ఖాతాలోదే.

నాగమ్మ

*

చందాపుర,
11-3-1979

నాగమ్మకు,

నాగరాజును కూర్చోబెట్టుకో. నా చోట ఇంకొకణ్ణి కూర్చోబెట్టే మాట నీ చేతి రాతలో చూశాక ఇక నీ గుమ్మం తొక్కను. సుశీల, "అక్క కోపంలో రాసింటాది, పట్టుకోవద్దు" అంటోంది. పట్టుకున్నాను.

ఒక్కటి మాత్రం చెప్పి మానేస్తాను. నేను కట్టెలు ఎగదోసేవాణ్ణి అన్నావు. కళ్ళు మండే ఆ ఆవిరిలో నాయన పక్కన నిలబడింది నేను, నువ్వు కాదు. ముందు గదిలో చల్లగా కూర్చుని చెంబు నింపి గడప మీద పెట్టేదానివి. ఆ తర్వాత ఏం జరిగేదో నీకేం తెలుసు? పెరటి తలుపు నాయన నీకు ఎప్పుడైనా తీశాడా? చెంబు తెచ్చి, గుడ్డ తీసి, ఆ మూడు లోటాల్లోకి సమంగా వంచేవాడు. మూడూ మెడ గీత దగ్గర ఆగాయా లేదా అని వంగి చూడమనేవాడు. ఆగాయంటే, రెండు లోటాలు నా చేతికిచ్చేవాడు. "పోయి అప్పా, మెల్లగా" అనేవాడు. మూడోది అమ్మ వచ్చి పెరటి దారిన తీసుకుపోయేది. ఇది కలా?

ఇక్కడ నా చెంబు నింపి వంచితే లోటాల మెడ దాటి అంచు దాకా వస్తుంది. ఆ పాత్రల అంగడివాడు పెద్ద చెంబు అంటగట్టాడని ఇన్నాళ్ళూ వాణ్ణి తిట్టుకుంటున్నాను.

లోటాలు దొంగిలించానన్నావు కదా, ఓబళప్ప చేత మూడూ పంపుతున్నాను. చింతపండుతో తోమించే పంపుతున్నాను, మళ్ళీ చిలుం పట్టించి ఇచ్చాడని అనకు. ఇక నాయన వస్తువు ఒక్కటీ నా దగ్గర లేదు. నా వస్తువు ఒక్కటీ నీ దగ్గర లేదు.

ఇంతటితో సరి.
వెంకటగిరియప్ప

*

కబ్బన్‌పేట,
17-3-1979

గిరియప్పకు,

ఈ ఉత్తరం నీ మీద ప్రేమతో రాయడం లేదని ముందే చెబుతున్నాను. నా పేరు మీద పడిన అబద్ధం తుడుచుకోవడానికి రాస్తున్నాను.

లోటాలు చేరాయి. వాటిని అటక మీద పడేద్దామనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ మూడో లోటా మాట ఒకటి కాలికి ముల్లులాగా గుచ్చుకుంటూ ఉండింది. నీలాన్ని ఆ లోటాల్లోకి పంచేవాడనీ, మూడోది పక్కకు పోయేదనీ నాకు తెలియదు. చెంబు నింపి ఇస్తే మొత్తం కాగులోకే పోతుందనుకున్నాను. నా బతుకంతా అట్లాగే అనుకున్నాను.

చెంబులో ముప్పావు నీలం నింపి మూడు లోటాల్లోకి వంచాను. మూడూ మెడ గీత దగ్గర ఆగాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

నువ్వు చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. నాది చెంబులో ముప్పావు. నీది చెంబులో మూడింట రెండు కాదురా, నా ముప్పావులో మూడింట రెండు. నీ దగ్గరికి వచ్చే చెంబు నిండా ఉండేదనుకున్నావు, అందులో నా గీత ఉందని నీకు తెలియదు. నీ అంగడివాణ్ణి తిట్టడం మానేయి, వాడి చెంబు సరిగ్గానే ఉంది. ముప్పావునూ మూడింట రెండునూ గుణిస్తే సగం వస్తుంది. చెంబులో సగం. నువ్వు పన్నెండు భాగాలన్నావే, నీ ఎనిమిదీ కాదు, నా తొమ్మిదీ కాదు. ఆరు.

సగం పోసి ఒక చిన్న చిలప, పిడికెడు పట్టుదారం, ముంచాను. నేరేడు పండు. ఓబళప్ప చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. మునిలక్ష్మి దాన్ని ఇంకా ఆరకముందే చెంపకు ఆనించుకుంది, చెంప మీద మరక ఇంకా పోలేదు.

ఆ మూడో లోటా ఏమైందో కూడా తెలిసింది. నాయన పంచెలు ఎప్పుడూ నీలంగా ఉండేవి, గుర్తుందా? అమ్మ ఉతికేటప్పుడు అంగడి నీలిమందు ఎక్కువ వేస్తుందని వీధంతా నవ్వేవాళ్ళు. అది అంగడి మందు కాదు, మన మూడో లోటా అని అమ్మ పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇక సగం అని నీకూ తెలిసింది. నన్ను అడగాల్సిన పని నీకు లేదు.

నాగమ్మ

*

చందాపుర,
24-3-1979

అక్కకు,

నన్ను మళ్ళీ ముంచాలని చూస్తున్నావు. ఈసారి తెలివిగా ముంచుతున్నావు, అంతే.

నాలుగో తరగతి దాకా నేనూ చదివాను. గుణిస్తే లెక్క పెరుగుతుంది, తగ్గదు. నాది ఎనిమిది, నీది తొమ్మిది, గుణిస్తే డెబ్బై రెండు. నీకు ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? ముందు ఎక్కువ పోయించి నా పట్టు మాడ్చావు, ఇప్పుడు తక్కువ పోయించి వెలిసిన గులాబీ రంగు తీయిస్తావు. పెళ్ళిలో నవ్వించడానికి ఏదైనా ఒకటే కదా.

ఓబళప్ప ఆ చిలప చూపించాడు. రంగు నిజమే. ఆ మాట కాదనను. కానీ సగంతోనే వచ్చిందని ఏం రుజువు? ఎంత పోశావో నువ్వు చెబితేనే కదా తెలిసేది. నీ మాట ఒకసారి విని ఒక చీర పట్టు పోగొట్టుకున్నాను.

పంచెల సంగతి మాత్రం నిజమే అయ్యుండాలి. ఆ నీలం పంచె కట్టుకునే నన్ను బడిలో వేయడానికి వచ్చాడు. పిల్లలు నవ్వితే నేను ఏడ్చాను.

గిరియప్ప

*

కబ్బన్‌పేట,
30-3-1979

గిరియప్పా,

ఉగాది నాడు నీ ఉత్తరం వచ్చింది. బెల్లం ఇంకా నోట్లో ఉండగానే చదివాను, చేదయింది.

నీ డెబ్బై రెండు తప్పు కాదు. పై లెక్కలు గుణించి కింది లెక్కలు వదిలేశావు. కోపంలో నీ అలవాటే అది. నీది పన్నెండింట ఎనిమిది, నాది పన్నెండింట తొమ్మిది. పైన ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు. కింద పన్నెండు పన్నెండులు నూట నలభై నాలుగు. డెబ్బై రెండుకు రెట్టింపు నూట నలభై నాలుగు. అంటే నీ లెక్కలోనే సగం వచ్చింది, నువ్వు చూసుకోలేదు.

ఇంకా సులువుగా చెబుతాను. నీది మూడింట రెండు, నాది నాలుగింట మూడు. నీ కింద ఒక మూడుంది, నా పైన ఒక మూడుంది. ఆ రెండు మూళ్ళూ కొట్టేయి. నాలుగింట రెండు మిగిలింది. దాన్నీ రెండుతో కొట్టేయి. సగం. గుణిస్తే పెరగాలంటావా? ముక్కలో ముక్క తీసుకుంటే పెరుగుతుందా? రొట్టెలో ముప్పావు నీకిచ్చి, అందులోంచి మూడింట రెండే తినమంటే ఎక్కువ తిన్నట్టా?

ఇది రాస్తుంటే నాకు నాయన మీద కోపం వచ్చింది. సగం అని ఒక్క మాట చెప్పి పోయి ఉండొచ్చు. చిన్న పిల్లకు చెప్పినా పట్టుకునే మాట. దాన్ని రెండుగా విరిచి, ఒక ముక్క గడప ఇవతల నా చేతికీ, ఒక ముక్క గడప అవతల నీ చేతికీ ఇచ్చాడు. ఒకరు లేకుండా ఒకరికి ఆ రంగు రాకూడదని చేశాడు. మనం కొట్టుకుంటామని ఆయనకు అప్పుడే తెలుసు. చిన్నప్పుడు వేరుశెనక్కాయల దగ్గరే కొట్టుకున్నవాళ్ళం.

ఇప్పుడు కొట్టివేతలన్నీ అయిపోయి సగం మిగిలింది. ఆ సగంలో నీ మూడూ లేదు, నా మూడూ లేదు. ఎవరైనా పోసుకోవచ్చు, నంజమ్మకు చెప్పినా నేరేడు రంగు తీస్తుంది. నాకు నువ్వు అక్కర్లేదు, నీకు నేను అక్కర్లేదు. నువ్వు కోరుకున్నదీ అదే కదా, నేను కోరుకున్నదీ అదే. మరి నాకు నిన్నటి నుంచి అన్నం ఎందుకు సయించడం లేదో తెలియదు.

పెళ్ళి వైశాఖంలోనే. నాగరాజుకు ఇంకా చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది రాయి. ఈ ఒక్కదానికి జవాబు రాసి, తర్వాత నీ ఇష్టం.

నాగమ్మ

*

చందాపుర,
7-4-1979

అక్క నాగమ్మకు గిరియప్ప రాసేది.

లెక్క చేసి చూశాను. ముందు పలక మీద చేశాను, తర్వాత కాగులో చేశాను. సగం పోశాను. రంగు వచ్చింది. సుశీల దాన్ని చూసి, "ఇంక మీ అక్కతో పనేముండాది, మీ రంగు మీ చేతికొచ్చె కదా" అంది. ఆ మాట వినడానికి నాకు సంతోషంగా ఉండాలి. ఆ చిలపను తీగ మీద ఆరేసి చాలాసేపు చూశాను. రంగు నాయనదే. పని మాత్రం నాయనది కాదనిపించింది. ఒక్కణ్ణే ఒక చెంబు పట్టుకుని పోసుకున్నాను. "గీత దాటిందామ్మా" అన్న మాట లేదు, "మెల్లగా" అన్న మాట లేదు.

ఆ పట్టును ఓబళప్పకు ఇవ్వలేదు. దాంతో పిల్ల చీర నేయించను.

వచ్చే ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు కొత్త పట్టు తీసుకుని వస్తాను. చెంబు నువ్వు గీత దాకా నింపి గడప మీద పెట్టు. లోటాలు తోమించి ఉంచు. నేను పెరటి దారిన వస్తాను, నీ ముందు గదిలోకి రాను. చెంబు తీసుకుని మూడుగా పంచి రెండు పోస్తాను. నీతో మాట్లాడటానికి రావడం లేదు. నువ్వు నన్ను కట్టెలు ఎగదోసేవాడివన్న మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. నాగరాజు పేరు రాసిన ఉత్తరం పెట్టెలోనే ఉంది. ముసలివాణ్ణయ్యాక కూడా అది తీసి నీకు చదివి వినిపిస్తాను.

నాగరాజుకు శుభలేఖ వేయి, అందరికీ వేసినట్టే వేయి. నా పీట దగ్గరికి రానివ్వకు.

పెరటి తలుపు లోపలి గడియ తీసి ఉంచు. మూడో లోటా పారబోయకు. పెళ్ళికి నేను కట్టుకోబోయే పంచె తెల్లగా ఉంది, దాన్ని వెంట తెస్తున్నాను.

నీ తమ్ముడు,
గిరియప్ప